నవంబరు 7 విజ్ఞాపన కూటం: ఎవరు ఏ గంట, ఎవరు ఏ పని

కూటం బాధ్యురాలు, 2025 అక్టోబరు 11

అందరికీ వందనాలు. నవంబరు 7 శుక్రవారం కువైట్‌లోని మన తెలుగు క్రైస్తవ సహవాసం ఉపవాసంతో ఇతరుల కోసం ప్రార్థించే విజ్ఞాపన కూటానికి చోటు ఖాయమైంది. కువైట్ సిటీ చర్చి ప్రాంగణంలో మేడమీది చిన్న గది ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకు మనది. కింది హాలు మాత్రం 4 గంటల తర్వాతే ఇస్తారు. అప్పటివరకు అక్కడ మిగతా భాషల వారి ఆరాధనలు ఒకదాని వెంట ఒకటి ఉంటాయి.

పనులు పంచుకునే ముందు ఒక మాట చెప్పాలి. పోయిన ఏడాది గుమ్మం దగ్గర ప్రార్థన మనవుల బుట్ట పెట్టాం. నూటికి పైగా చీటీలు పడ్డాయి. పాటలు, వాక్యం, సాక్ష్యాలు అయ్యేసరికి సమయం చాలలేదు. బుట్టను బల్ల మీద పెట్టి, అందరం దాని వైపు చేతులు చాపి, "ఈ మనవులన్నీ ఆలకించు ప్రభువా" అని రెండు నిమిషాల్లో ముగించాం. ఆ నిర్ణయం నాదే. బయట చెప్పులు వేసుకుంటుంటే ఒక అక్క దగ్గరికి వచ్చి, "నా చీటీ ఎవరు చదివారమ్మా?" అని అడిగింది. ఎవరూ చదవలేదు. ఆ మాట ఆమెతో చెప్పలేకపోయాను.

ఆ రాత్రి బుట్ట ఇంటికి తీసుకెళ్లి చీటీలన్నీ విప్పాను. వాటిలో ఒకటి ఊరికి డబ్బు పంపిన రసీదు. ఎనిమిది మడతలు పెట్టి ఉంది. వెనకవైపు పెన్సిలుతో "మా ఆయన తాగుడు మానాలి. పెద్దబ్బాయి నాతో ఫోన్లో మాట్లాడాలి" అని రాసి ఉంది. ముందువైపు ఆమె ఆ నెల పంపిన మొత్తం, 85 దినార్లు. ఇళ్లలో పనిచేసే వాళ్ల జీతం ఎంత ఉంటుందో మనందరికీ తెలుసు. తనకంటూ ఎంత మిగుల్చుకుని ఉంటుందో లెక్క వేసుకోండి. ఆ కాగితం ఇప్పటికీ నా బైబిల్లో ఉంది.

ఈసారి ఒక్క చీటీ కూడా చదవకుండా మిగలకూడదు. మిగతా ఏది తగ్గినా ఫరవాలేదు.

పన్నెండు గంటలను అరగంటల చొప్పున విడగొడితే 24 వంతులు. వంతుకు ఇద్దరు చొప్పున 48 మంది కావాలి. ప్రతి జంటకు అయిదారు చీటీలు ఇస్తాం. ఒక్కొక్కటి తెరిచి, చదివి, ఆ మనిషి కోసం మోకరించి ప్రార్థించి, తర్వాతే ఇంకొకటి తెరవాలి. జర్మనీలోని హెర్న్‌హూట్ అనే చిన్న ఊళ్లో 1727 ఆగస్టులో మొరేవియన్ అనే క్రైస్తవ శాఖ విశ్వాసులు 24 మంది పురుషులు, 24 మంది స్త్రీలు గంటల చొప్పున వంతులు వేసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆ గొలుసు నూరేళ్లకు పైగా సాగింది. మన లెక్క కూడా 48కి రావడం వేశాకే గమనించాను, మనసు నిండిపోయింది.

అంతమంది దొరుకుతారా అని భయపడేవాళ్లు ఒంగోలు కొండను గుర్తు చేసుకోండి. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ కొండ మీద మోకరించింది అయిదుగురే. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ జ్యూయెట్ దొర, దొరసాని, వాళ్లతో ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి అడిగారు. క్లౌ దొర అనే మిషనరీ వచ్చి అక్కడ స్థిరపడింది 1866లో, అంటే పన్నెండేళ్ల తర్వాత. మన సహవాసంలో ఆ కొండ నీడన పెరిగినవాళ్లు ఉన్నారు. వాళ్లు ఆ ఉదయం గురించి సాయంత్రం అయిదు నిమిషాలు చెబితే బాగుంటుంది.

పేర్లు ఇవ్వండి.

వంట చూసే అక్క, అక్టోబరు 12

వందనాలమ్మా. మధ్యాహ్నం 2 గంటల వంతు నాకు రాయండి, అది కాగానే మళ్లీ వంటలోకి వెళ్తాను. సాయంత్రం 150 మంది అనుకుంటే 18 కిలోల బియ్యం, పప్పు, వంకాయ కూర, పెరుగు. ఉపవాసం విడిచేటప్పుడు ముందు ఖర్జూరం, పల్చటి మజ్జిగ ఇద్దాం. ఖాళీ కడుపుతో నేరుగా కారం తింటే మంట పుడుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు, గర్భిణులు, బాలింతలు ఉపవాసం ఉండకూడదని ముందే చెప్పండి. పోయినసారి ఒక పెద్దావిడ మాత్ర వేసుకుని ఏమీ తినకుండా కూర్చుంది, కళ్లు తిరిగాయి. వాళ్ల కోసం పది గంటలకు ఇడ్లీ చేసి పక్కగదిలో పెడతాను. వాళ్లు సిగ్గుపడకుండా వెళ్లి తినేలా మీరే చెప్పాలి.

రవాణా చూసే తమ్ముడు, అక్టోబరు 12

అక్కా, రెండు వ్యాన్లు ఖాయం. ఒకటి ఫహాహీల్ నుంచి మహబూలా మీదుగా, ఇంకొకటి జలీబ్ నుంచి ఫర్వానియా మీదుగా. సాల్మియా, హవల్లి వాళ్లకు బస్సు సులువు. జుమ్మా నమాజు వేళ నగరంలో రద్దీ ఉంటుంది, అందుకని 11 నుంచి 1.30 మధ్య వ్యాన్లు తిప్పను. ఆ మధ్య వంతు తీసుకున్నవాళ్లు ముందే చేరుకోవాలి.

ఇంకొక విషయం. చీటీ ఒక్కొక్కటి చదివినప్పుడు ఒక్కొక్క కొవ్వొత్తి వెలిగిద్దామని మొన్న ఎవరో అన్నారు. దయచేసి వద్దు. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనం తగలబడినప్పుడు 40 మందికి పైగా మన దేశస్థులు పోయారు, వారిలో మన ఆంధ్ర బిడ్డలూ ఉన్నారు. మా గదిలో ఒకతనికి అక్కడ స్నేహితుడు ఉండేవాడు. పొగ వాసన వస్తే ఇప్పటికీ లేచి బయటికి వెళ్లిపోతాడు. అతను కూడా ఈ కూటానికి వస్తున్నాడు.

కూటం బాధ్యురాలు, అక్టోబరు 13

మంచి మాట చెప్పావు తమ్ముడూ. కొవ్వొత్తులు లేవు. ఆ కుటుంబాల కోసం ఒక వంతు ప్రత్యేకంగా ఉంచుతున్నాను, ఆ తమ్ముడు ఒప్పుకుంటే అతనే నడిపిస్తాడు.

ఫర్వానియా నుంచి ఒక చెల్లి, అక్టోబరు 14

అక్కా, నేను చీటీ రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. రెండేళ్ల క్రితం వేరేచోట మా అమ్మాయి గురించి ప్రార్థన మనవి ఇచ్చాను. ఆ సాయంత్రానికే అది మా ఊరు చేరింది. మా అత్తగారు నాకు ఫోను చేసి అడిగారు. అప్పటినుంచి ఎక్కడా నోరు విప్పలేదు.

కూటం బాధ్యురాలు, అక్టోబరు 14

చెల్లీ, నువ్వు ఇది రాయడం ఎంతో మేలైంది. ఇది అందరూ చదవాలి.

చీటీల మీద పేర్లు ఉండవు, నంబరు మాత్రమే ఉంటుంది. ఏ నంబరు ఎవరిదో రాసినవాళ్లకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. గదిలో చదివింది గది దాటకూడదు. భర్తకు గానీ, ప్రాణ స్నేహితురాలికి గానీ చెప్పకూడదు. తర్వాత దేవుడు మేలు చేసినట్టు తెలిసినా, దాన్ని సాక్ష్యంగా చెప్పే హక్కు చీటీ రాసినవాళ్లదే. కూటం అయ్యాక చీటీలన్నీ నేనే ముక్కలుగా చింపుతాను. వంతు తీసుకునే 48 మందితో ముందు గురువారం ఫోన్లో మాట్లాడి ఈ మాట తీసుకుంటాను. ఇవ్వలేనివాళ్లకు వంటలో, వ్యాన్ల దగ్గర, పిల్లల దగ్గర ఎంతో పని ఉంది.

చెల్లీ, నీ చీటీకి ఒక నంబరు ఉంచాను, అది నీకు విడిగా చెబుతాను. రాస్తే రాయి, లేకపోతే ఖాళీ కాగితమే మడిచి ఇవ్వు. దాని ముందు కూడా మోకరిస్తాం. ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో ఆత్మ తానే విజ్ఞాపన చేస్తాడని పౌలు రాసింది ఇలాంటి కాగితం గురించే అని నేను నమ్ముతాను.

పాటల బృందం నుంచి, అక్టోబరు 16

వందనాలు సిస్టర్. చిన్న గదిలో వాద్యాలు వద్దు, గంటకొక కీర్తన గొంతుతోనే పాడతాం. సాయంత్రం హాల్లో మాత్రం తబలా, కీబోర్డు ఉంటాయి. ఒక సలహా: చివర్లో "నమ్మినవాళ్లందరికీ ఈ రోజే విడుదల" అని అయ్యగారి చేత ప్రకటన చేయిస్తే జనంలో ఉత్సాహం వస్తుంది కదా?

కూటం బాధ్యురాలు, అక్టోబరు 16

బ్రదర్, మీ ఆసక్తి నాకు తెలుసు. కానీ ఆ ప్రకటన వద్దని మనవి. అయ్యగారితోనూ మాట్లాడాను, ఆయనదీ అదే మాట. దేవుడు బాగు చేస్తాడని నమ్మి అడుగుదాం, గట్టిగా అడుగుదాం. సొదొమ కోసం అబ్రాహాము యాభై నుంచి పది వరకు తగ్గిస్తూ బతిమాలినట్టు అడుగుదాం. కానీ ఏ రోజున జరుగుతుందో దేవుని తరఫున మనం మాట ఇవ్వలేం. మర్నాడు ఊరికి ఫోను చేసి, భర్త మళ్లీ తాగి పడి ఉన్నాడని విన్న అక్క, తన నమ్మకమే చాలలేదని తనను తాను నిందించుకుంటుంది. ఆ భారం మనం ఎవరి మీదా పెట్టకూడదు.

సాల్మియా నుంచి ఒక అక్క, అక్టోబరు 17

ఈ మాట చదివాక రాస్తున్నాను. మా అమ్మ కోసం మూడేళ్లు ప్రార్థించాను. వారానికి మూడు రోజులు డయాలసిస్. టికెట్ దొరికి నేను చేరేలోపే పోయింది. ఇంట్లో వాళ్లు ఫోను పట్టుకుని చూపిస్తే ఇక్కడ మేడమ్ వంటగదిలో నిలబడి చివరి చూపు చూసుకున్నాను. అప్పటినుంచి ప్రార్థనలో నాకు మాటలు రావడం లేదు. నాలాంటిది వంతు తీసుకోవచ్చా?

కూటం బాధ్యురాలు, అక్టోబరు 17

అక్కా, రండి. మధ్యాహ్నం 3 గంటల వంతు మనిద్దరిదీ. నేను చదువుతాను, మీరు పక్కన కూర్చోండి. అమాలేకీయులతో యుద్ధం జరిగిన రోజున మోషే చేతులు బరువెక్కితే అహరోను, హూరు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లిద్దరూ ఆ రోజు ఒక్క మాట పలికినట్టు కూడా రాసి లేదు.

కూటం బాధ్యురాలు, అక్టోబరు 21

వంతులకు 38 మంది పేర్లు ఇచ్చారు. దేవునికి స్తోత్రం. ఇంకా పదిమంది కావాలి.

లోకం కోసం చేసే ప్రార్థన గురించి: "ప్రపంచ శాంతి" అని ఒక్క మాటతో దాటేయకుండా, ఒక్కో వంతుకు ఒక్కో చోటు ఇస్తున్నాను. 2023 ఏప్రిల్ నుంచి యుద్ధంలో నలుగుతున్న సూడాన్. కాల్పుల విరమణ మాట వినిపించిన గాజా, అక్కడ ఆకలితో ఉన్న పిల్లలు, తమవాళ్ల శవాల కోసం ఎదురుచూస్తున్న రెండు వైపుల కుటుంబాలు. నాలుగో శీతకాలంలోకి వెళ్తున్న ఉక్రెయిన్ యుద్ధం. 2023 మే నుంచి ఇళ్లు వదిలి శిబిరాల్లో ఉన్న మణిపుర్ ప్రజలు. మనకు చోటిచ్చిన ఈ కువైట్ దేశం, దీని పాలకులు, మనం పనిచేసే ఇళ్లలోని పెద్దలు, పసివాళ్లు. సూడాన్ వంతు నేను అడిగి తీసుకున్నాను. మా వీధిలో గ్యాస్ బండలు తెచ్చే పెద్దాయనది ఆ దేశమే. వాళ్ల చెల్లెలి కబురు తెలిసి ఎన్ని నెలలైందని అడిగితే, వేళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు.

గది బయట ఒక సహాయం బల్ల కూడా ఉంటుంది. చీటీలో "అకామా (నివాస అనుమతి) అయిపోయింది, కఫీల్ (వీసా ఇప్పించిన యజమాని) పట్టించుకోవడం లేదు" అని ఉంటే ప్రార్థించి వదిలేయకూడదు. ఎవరి చీటీ అని వెతకవద్దు. సాయంత్రం అందరికీ బల్ల సంగతి చెబుదాం, అవసరమున్నవాళ్లు వస్తారు. 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటి పనివారికి వారానికి ఒకరోజు జీతంతో సెలవు ఉంది, వాళ్లు ఒప్పుకోకుండా వాళ్ల పాస్‌పోర్టును యజమాని దగ్గర ఉంచుకోకూడదు. ఈ సంగతి తెలియని అక్కలు ఇంకా ఎందరో ఉన్నారు. రాయబార కార్యాలయానికి అర్జీ రాసిపెట్టడానికి ఇద్దరు, బల్ల దగ్గర కూర్చోవడానికి ఒక నర్సమ్మ కావాలి. బతకాలని లేదని రాసిన చీటీ కనిపిస్తే మాత్రం వెంటనే నాకు చెప్పండి. అప్పుడు గోప్యత కంటే ప్రాణం ముఖ్యం. ఆ నంబరు వారిని మెల్లగా పిలిపించి నర్సమ్మ దగ్గర కూర్చోబెడదాం, డాక్టరు దగ్గరికి తోడు వెళదాం.

రవాణా చూసే తమ్ముడు, అక్టోబరు 30

అక్కా, మొంథా తుపాను మా కోనసీమ వైపు దాటింది. మా ఇంటి వెనక కొబ్బరి చెట్లు మూడు పడిపోయాయి, అమ్మానాన్న పునరావాస కేంద్రంలో ఉండి నిన్ననే ఇంటికి వచ్చారు. ఈ రెండు రోజుల్లో మా వ్యాన్ ఎక్కేవాళ్లలోనే తొమ్మిది మంది ఇంటికి ఫోను కలవక ఏడ్చారు.

కూటం బాధ్యురాలు, అక్టోబరు 30

ఉదయం మొదటి వంతు తుపాను బాధితులకే. ఇక్కడ 6 అంటే అక్కడ 8.30, అమ్మానాన్నలు మేలుకుని ఉంటారు. ఆ అరగంటలో తొమ్మిది మందీ ఫోనులు కలిపి పెట్టండి, ఇంట్లోవాళ్లు వింటుండగానే వాళ్ల కోసం ప్రార్థిద్దాం. సాయంత్రం కానుక మొత్తం అక్కడికే పంపుదామని అయ్యగారు ఒప్పుకున్నారు.

కూటం బాధ్యురాలు, నవంబరు 4

47 మంది అయ్యారు. మధ్యాహ్నం 2 నుంచి 2.30 వంతులో ఇంకొక్కరు కావాలి. చీటీలు ఇప్పటికే 131 వచ్చాయి.

కొత్త సభ్యురాలు, నవంబరు 4, రాత్రి 11.40

వందనాలండీ. నేను జహ్రాలో ఉంటాను. ఈ శుక్రవారం ఇంట్లో విందు, సెలవు ఇవ్వనన్నారు. 2 గంటలకు అందరూ భోంచేసి పడుకుంటారు, నేను గిన్నెలు కడుగుతుంటాను. ఆ వంతు నాకు రాస్తారా? చీటీల్లో ఉన్నది ఫోన్లో వద్దు, ఎవరైనా చూస్తారు. నంబర్లు మాత్రం పంపండి. ఒక్కో నంబరు చెప్పి ప్రార్థిస్తాను.

కూటం బాధ్యురాలు, నవంబరు 4, రాత్రి 11.46

రాశానమ్మా. మీవి 84, 85, 86, 87, 88. అదే సమయంలో గదిలో వాటిని చదివేది వంట చూసే మన అక్క.