7 టెస్లా, 11.7 టెస్లా ఎమ్మారై: మెదడుకు దక్కిన లాభం మిగతా శరీరానికి ఎందుకు దక్కడం లేదు?

శోధన (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను జీవశాస్త్రం చదువుతున్నాను. ఎమ్మారై మూలసూత్రం వరకు నాకు తెలుసు: బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉన్నప్పుడు శరీరంలోని హైడ్రోజన్ కేంద్రకాలు ఆ క్షేత్ర బలాన్ని బట్టి ఒక నిర్దిష్టమైన పౌనఃపున్యంతో తిరుగుతాయి, అదే పౌనఃపున్యం గల రేడియో తరంగంతో వాటిని కదిలిస్తే అవి తిరిగి ఒక సంకేతాన్ని వెలువరిస్తాయి, ఆ సంకేతం నుంచి కంప్యూటర్ చిత్రాన్ని నిర్మిస్తుంది. ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడేవి 1.5, 3 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత క్షేత్ర బలానికి ప్రమాణం) యంత్రాలు. పరిశోధనశాలల్లో 7 టెస్లా యంత్రాలు చాలాకాలంగా ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని సాక్లేలో 11.7 టెస్లా యంత్రంతో తీసిన మనిషి మెదడు చిత్రాలు 2024లో వెలువడ్డాయి.

నేను చదివిన వ్యాసాల్లో దాదాపు అన్నీ తల గురించే ఉన్నాయి. గుండె, కాలేయం, ప్రోస్టేట్ వంటి అవయవాల విషయానికి వచ్చేసరికి 7 టెస్లా పని చాలా తక్కువగా కనిపిస్తోంది. క్షేత్రం పెరిగితే సంకేతం పెరుగుతుందన్నది భౌతికశాస్త్ర నియమమైనప్పుడు అది శరీరమంతటికీ ఒకేలా వర్తించాలి కదా? అలాగే, 3 టెస్లా స్కాన్‌లో ఏమీ కనిపించని రోగి 7 టెస్లా స్కాన్ కోరుకోవడంలో అర్థం ఉందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

తరంగం

శోధన గారూ, మీ మొదటి ప్రశ్నకు సమాధానం రేడియో తరంగదైర్ఘ్యంలో ఉంది. అయితే క్షేత్రం పెంచడం వల్ల దక్కేది ఏమిటో, ఎంతో ముందుగా చూస్తేనే ఆ అడ్డంకి బరువు తెలుస్తుంది.

క్షేత్రంలోకి వెళ్లగానే కేంద్రకాలన్నీ ఒకే దిశకు తిరిగి వరుసలో నిలబడతాయని పాఠాల్లో చెబుతుంటారు. వాస్తవం దానికి చాలా దూరం. శరీర ఉష్ణోగ్రత వద్ద క్షేత్రం వైపు మొగ్గిన కేంద్రకాలకూ, వ్యతిరేకంగా మొగ్గినవాటికీ మధ్య తేడా 3 టెస్లా వద్ద పది లక్షలకు సుమారు 10, 7 టెస్లా వద్ద సుమారు 23. చిత్రం మొత్తం ఆ కొద్దిపాటి మిగులు నుంచే రావాలి. క్షేత్రంతో పాటు ఆ మిగులు పెరుగుతుంది, పౌనఃపున్యం హెచ్చడం వల్ల కాయిల్‌లో, అంటే సంకేతాన్ని పట్టే తీగచుట్టలో, పుట్టే వోల్టేజి కూడా పెరుగుతుంది, దానితోపాటు శరీరం నుంచే వచ్చే రొద (నాయిస్, అంటే సంకేతాన్ని చెడగొట్టే విద్యుత్ ఒడిదుడుకులు) సైతం పెరుగుతుంది. వీటన్నిటినీ లెక్కవేస్తే సంకేతానికీ రొదకూ మధ్య నిష్పత్తి క్షేత్రానికి అనులోమంగా, తలలో కొలిచినప్పుడు అంతకన్నా కొంత ఎక్కువగానే, పెరుగుతుందని తేలింది.

3 నుంచి 7 టెస్లాకు వెళ్తే వచ్చే సుమారు రెండున్నర రెట్ల లాభం చిన్నదిగా అనిపించవచ్చు. కానీ చిత్రంలోని ఒక్కొక్క ఘనాన్ని, అంటే వోక్సెల్‌ను, 1 మిల్లీమీటరు నుంచి 0.5 మిల్లీమీటరుకు తగ్గిస్తే దాని ఘనపరిమాణం ఎనిమిదో వంతుకు పడిపోతుంది, సంకేతమూ అంతే పడిపోతుంది. అదే స్కాన్‌ను పదేపదే తీసి సగటు వేసి ఆ లోటు పూడ్చాలంటే, రొద వర్గమూలం చొప్పున మాత్రమే తగ్గుతుంది కనుక, 64 రెట్ల సమయం కావాలి. 10 నిమిషాల స్కాన్ 10 గంటలు దాటిపోతుంది. సాక్లేలోని ఇజల్ట్ అనే ఆ 11.7 టెస్లా యంత్రంతో సుమారు 20 మంది ఆరోగ్యవంతులపై తీసిన చిత్రాల్లో చిత్రపు తలంలో (ప్లేన్‌లో) 0.2 మిల్లీమీటర్లు, మందంలో 1 మిల్లీమీటరు స్పష్టతను 4 నిమిషాల్లోనే సాధించగలిగారంటే, ఆ యంత్రం కొనిపెట్టింది కాలాన్నే. అందుకోసం 132 టన్నుల అయస్కాంతాన్ని, 182 కిలోమీటర్ల అతివాహక తీగను, దాన్ని 1.8 కెల్విన్ వద్ద ఉంచడానికి 7,500 లీటర్ల ద్రవ హీలియాన్ని సమకూర్చారు.

ఇక అడ్డంకి సంగతి. హైడ్రోజన్ కేంద్రకాల పౌనఃపున్యం టెస్లాకు 42.58 మెగాహెర్ట్జ్ చొప్పున పెరుగుతుంది. 3 టెస్లా వద్ద 128, 7 టెస్లా వద్ద 298, 11.7 టెస్లా వద్ద దాదాపు 500 మెగాహెర్ట్జ్. నీరు ఎక్కువగా ఉన్న కణజాలంలో రేడియో తరంగం గాలిలో కన్నా చాలా నెమ్మదిగా ప్రయాణిస్తుంది కాబట్టి తరంగదైర్ఘ్యం కుదించుకుపోయి, 3 టెస్లా వద్ద సుమారు 26 సెంటీమీటర్లు, 7 టెస్లా వద్ద సుమారు 12 సెంటీమీటర్లు మాత్రమే ఉంటుంది. అంటే 7 టెస్లా వద్ద తరంగం తల వెడల్పు కన్నా చిన్నది. అలాంటప్పుడు వేర్వేరు వైపుల నుంచి వచ్చే తరంగాలు కొన్నిచోట్ల ఒకదానికొకటి బలాన్నిస్తాయి, కొన్నిచోట్ల రద్దు చేసుకుంటాయి. మెదడు నడుమ భాగం అతిగా ప్రకాశిస్తుంది, టెంపొరల్ లోబ్ (చెవుల దగ్గరి మెదడు పక్కభాగం) అడుగుభాగమూ చిన్నమెదడూ మసకబారతాయి. ఎనిమిది లేదా అంతకన్నా ఎక్కువ ప్రసార మార్గాలను పెట్టి, ఒక్కొక్కదాని బలాన్నీ దశనూ విడివిడిగా నియంత్రించే సమాంతర ప్రసార పద్ధతి తలకు సంబంధించినంతవరకు ఈ చిక్కును చాలావరకు తీర్చింది.

పొట్ట వెడల్పు 30, 40 సెంటీమీటర్లు ఉంటుంది. అందులో రెండు మూడు తరంగదైర్ఘ్యాలు ఇమిడిపోతాయి. తలలో మసకగా మిగిలిన చోట్లు ఇక్కడ పూర్తిగా నల్లని పట్టీలవుతాయి. లోపలికి తగినంత తరంగం చేరేలా శక్తి పెంచుదామంటే కణజాలం వేడెక్కుతుంది, ఎందుకంటే అదే ప్రభావానికి అవసరమయ్యే శక్తి స్థూలంగా క్షేత్రం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. తల మొత్తానికి సగటున కిలోకు 3.2 వాట్లు వంటి భద్రతా పరిమితులు దాటడానికి వీల్లేదు. పైగా 3 టెస్లా యంత్రంలో సొరంగం గోడలోనే శరీరమంతటికీ సరిపోయే ప్రసార కాయిల్ ఉంటుంది. 7 టెస్లా యంత్రాల్లో సాధారణంగా అది ఉండదు, అవయవం దగ్గర పెట్టే కాయిళ్లను ప్రత్యేకంగా తయారు చేసుకోవాలి. క్షేత్రం పెరిగితే సంకేతం పెరుగుతుందన్న నియమం శరీరంలోనూ నిజమే. అయితే ఆ సంకేతాన్ని లేపే తరంగం అన్ని చోట్లకూ సమానంగా చేరాలన్న షరతు అక్కడ నెరవేరడం లేదు.

నిదానం

నేను రేడియాలజిస్టును. మీ రెండో ప్రశ్నకు బదులిస్తాను.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017 అక్టోబరులో మొదటిసారి ఒక 7 టెస్లా యంత్రాన్ని వైద్య వినియోగానికి అనుమతించింది. ఆ అనుమతి తలకూ, చేతులు, కాళ్లకూ మాత్రమే పరిమితం; తరంగం గారు వివరించిన భౌతికశాస్త్రమే ఆ పరిమితిలో కనిపిస్తుంది. మోకాలి వంటి కీలు సన్నగా ఉండటం, శ్వాసతో కదలకపోవడం వల్ల తల లాగే లాభపడింది.

7 టెస్లా ఎవరికి ఉపయోగపడుతుందన్నది వెతుకుతున్న వస్తువు పరిమాణాన్ని బట్టి ఉంటుంది. మందులకు లొంగని మూర్ఛవ్యాధిలో, కార్టెక్స్‌లో, అంటే మెదడు పైపొరలో, పిండదశలో సరిగా ఏర్పడని ఒక చిన్న మడత వల్ల మూర్ఛలు వస్తుండవచ్చు. 3 టెస్లాలో కనపడని అలాంటి లోపం కొందరిలో 7 టెస్లాలో కనబడుతుంది, దాంతో శస్త్రచికిత్సకు దారి దొరుకుతుంది. మెదడులో గాయాలు ఏర్పడే మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో గాయం మధ్యగా సాగే సన్నని సిర స్పష్టంగా కనిపించడం, దాన్ని పోలిన ఇతర వ్యాధుల నుంచి వేరుచేయడానికి తోడ్పడుతుంది. కుషింగ్ వ్యాధిలో పీయూష గ్రంథిలోని కొద్ది మిల్లీమీటర్ల కణితిని గుర్తించడం, పార్కిన్సన్ వ్యాధిలో మెదడు కాండంలోని సబ్‌స్టాన్షియా నైగ్రా అనే భాగం లోపల ఉండవలసిన ఒక చిన్న ప్రకాశవంతమైన భాగం మాయమైందేమో చూడటం కూడా ఈ కోవలోనివే.

అయితే రోగి తనంతట తానుగా 7 టెస్లా కావాలని కోరుకోవడానికి ముందు, 3 టెస్లా స్కాన్‌ను ఆ జబ్బుకు తగిన పద్ధతిలో తీశారా, ఆ జబ్బులో అనుభవం ఉన్న రేడియాలజిస్టు చూశారా అని అడగడం మేలని నా గట్టి అభిప్రాయం. మూర్ఛవ్యాధి కోసం ప్రత్యేకంగా నిర్దేశించిన పద్ధతిలో మళ్లీ తీసినప్పుడు, లేదా పాత చిత్రాలనే మూర్ఛ వచ్చే తీరును తెలుసుకుని మళ్లీ పరిశీలించినప్పుడు, లోపం బయటపడటం అరుదు కాదు. టెంపొరల్ లోబ్ అడుగుభాగం 7 టెస్లాలో మసకబారుతుందని పైన చదివారు. పెద్దవారిలో మూర్ఛలు తరచుగా పుట్టేది టెంపొరల్ లోబ్‌లోనే కాబట్టి, సమాంతర ప్రసారం గానీ, తరంగం సమంగా చేరేలా తల పక్కన పెట్టే, కాల్షియం టైటనేట్ నింపిన మెత్తలు గానీ వాడకుండా తీసిన 7 టెస్లా స్కాన్ కన్నా చక్కగా తీసిన 3 టెస్లా స్కాన్ అక్కడ ఎక్కువ నమ్మదగినది కావచ్చు.

శరీరంలో లోహపు పరికరం ఉన్నవారు మరో విషయం గుర్తుంచుకోవాలి. 1.5, 3 టెస్లాల వద్ద సురక్షితమని ధ్రువీకరించిన పరికరం 7 టెస్లా వద్ద కూడా సురక్షితమని అనుకోరాదు. దాని పొడవుకూ తరంగదైర్ఘ్యానికీ ఉన్న సంబంధం మారిపోతుంది, వేడెక్కే తీరూ మారిపోతుంది. యంత్రంలోకి వెళ్లేటప్పుడు కొందరికి తల తిరుగుతుంది. లోపలి చెవిలోని ద్రవంలో సహజంగా ప్రవహించే విద్యుత్తుపై అయస్కాంత క్షేత్రం కలిగించే బలం దీనికి కారణం. బల్లను నెమ్మదిగా లోపలికి జరిపితే ఇబ్బంది తగ్గుతుంది.

వల్కలం

మెదడు పనితీరును కొలిచే ఎఫ్ఎమ్మారై నా రంగం. తరంగం గారి వివరణతో ఏకీభవిస్తూనే, చిత్రం మీద రాసే స్పష్టత అంకెను అలాగే నమ్మకూడదని చెప్పాలనిపించింది.

ఆక్సిజన్ కోల్పోయిన హిమోగ్లోబిన్ అయస్కాంత క్షేత్రాన్ని తన చుట్టూ కొద్దిగా కలవరపెడుతుంది. ఆ ధర్మాన్ని పాలింగ్, కోరియెల్ 1936లోనే గుర్తించారు. సెయ్‌జీ ఒగావా 1990లో ఎలుకల మెదడులో దాన్ని ఎమ్మారై చిత్రాల్లో చూపించారు, 1992 నాటికి మనిషి మెదడులో పని జరిగే చోటును అదే సంకేతంతో గుర్తించగలిగారు. క్షేత్రం పెరిగినకొద్దీ ఈ కలవరం కూడా పెరుగుతుంది, అందుకే ఎఫ్ఎమ్మారైకి 7 టెస్లా వల్ల రెండింతల ప్రయోజనం ఉంది: మొత్తం సంకేతమూ పెరుగుతుంది, అందులో రక్తం తెచ్చే మార్పూ పెరుగుతుంది. ముక్కు వెనుక గాలి గదులకూ, చెవి నాళాలకూ పైనున్న మెదడు భాగాల్లో చిత్రం వంగిపోవడం, సంకేతం పడిపోవడం కూడా ఈ కారణం చేతనే ఎక్కువవుతాయి.

కార్టెక్స్ మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు. అందులో ఆరు పొరలు. కంటి నుంచి వచ్చే సమాచారం ప్రధానంగా నడిమి పొరలోకి చేరుతుంది, పై స్థాయి ప్రాంతాల నుంచి తిరిగి వచ్చే సమాచారం ఎక్కువగా పైపొరల్లోకీ అడుగు పొరల్లోకీ చేరుతుంది. ఏ పొర పని చేస్తోందో కొలవగలిగితే సమాచారం ఏ దిశలో వెళ్తోందో బతికున్న మనిషిలోనే తెలుసుకోవచ్చు. 3 టెస్లాలో మామూలుగా వాడే 2, 3 మిల్లీమీటర్ల వోక్సెల్‌లో ఆరు పొరలూ కలిసిపోతాయి. 7 టెస్లాలో 0.8 మిల్లీమీటర్ల వద్ద వాటిని కనీసం మూడు లోతులుగా విడదీయవచ్చు. నా దృష్టిలో మెదడు శాస్త్రానికి అధిక క్షేత్రం తెచ్చిన అన్నిటికన్నా విలువైన అవకాశం ఇదే.

కానీ సిరలు అడుగు పొరల నుంచి పైకి ప్రవహించి ఉపరితలం మీది పెద్ద సిరల్లో కలుస్తాయి. అడుగు పొరలో జరిగిన పని తాలూకు రక్తం పైపొరల గుండా వెళ్తుంది కనుక, పైపొరలు తాము చేయని పనికి కూడా వెలుగుతాయి. వోక్సెల్ ఎంత చిన్నదైనా ఈ కలగాపులగం తగ్గదు. రక్త ఆక్సిజన్‌కు బదులు రక్త పరిమాణంలోని మార్పును కొలిచే పద్ధతులు దీన్ని చాలావరకు తప్పిస్తాయి, బదులుగా సంకేతం బలహీనమవుతుంది. ఆ బలహీనతను భరించడానికే 7 టెస్లా కావలసి వస్తోంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మెదడు అతి స్వల్పంగా కదులుతుంది, శ్వాసతో ఛాతీ కదిలినప్పుడు తల లోపలి క్షేత్రం కూడా కొద్దిగా మారుతుంది. వీటిని సరిదిద్దకుండా తీసిన 0.5 మిల్లీమీటర్ల చిత్రంలో నిజమైన స్పష్టత 0.5 మిల్లీమీటర్లు కాదు.

శోధన

ముగ్గురికీ ధన్యవాదాలు. తల విషయం స్పష్టమైంది. తరంగం గారూ, అయితే మిగతా శరీరానికి 7 టెస్లా వల్ల ఉపయోగం లేనట్టేనా?

తరంగం

ఉంది. దాన్ని హైడ్రోజన్‌కు బయట వెతకడం మంచిది.

ఫాస్ఫరస్ కేంద్రకం పౌనఃపున్యం టెస్లాకు 17.2 మెగాహెర్ట్జ్ మాత్రమే. కాబట్టి 7 టెస్లా వద్ద అది సుమారు 121 మెగాహెర్ట్జ్ అవుతుంది, అంటే 3 టెస్లా వద్ద హైడ్రోజన్‌కు ఉన్నదానికన్నా కొంచెం తక్కువే. సోడియం 79 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. వీటికి తరంగదైర్ఘ్యం పొడవుగానే ఉంటుంది కనుక నల్లని పట్టీల బెడద తీవ్రంగా ఉండదు, క్షేత్రం పెంచిన లాభం మాత్రం దక్కుతుంది. శరీరంలో వీటి పరిమాణం నీటిలోని హైడ్రోజన్‌తో పోలిస్తే చాలా తక్కువ, సంకేతం ఎప్పుడూ చాలదు, కాబట్టి లాభం ఎక్కువగా అవసరమైనదీ వీటికే.

మృదులాస్థిలో రుణావేశం గల అణువులు సోడియం అయాన్లను పట్టి ఉంచుతాయి. కీలు అరగడం మొదలైనప్పుడు ఆ అణువులు ముందుగా తగ్గుతాయి, మృదులాస్థి పలచబడకముందే సోడియం చిత్రంలో ఆ మార్పు కనిపించగలదు. ఫాస్ఫరస్ స్పెక్ట్రమ్‌లో (పౌనఃపున్యాల వారీగా సంకేతం చూపే గీతలో) కణాల్లో శక్తిని నిల్వ ఉంచే ఏటీపీ, ఫాస్ఫోక్రియేటిన్ విడివిడి శిఖరాలుగా కనిపిస్తాయి, క్షేత్రం పెరిగితే ఆ శిఖరాల మధ్య దూరం కూడా పెరిగి కొలత తేలికవుతుంది. గుండె విషయంలో ఇంకొక ఇబ్బంది ఉంది: క్షేత్రంలో ప్రవహించే రక్తం స్వయంగా వోల్టేజిని పుట్టించి ఈసీజీని వక్రీకరిస్తుంది, 7 టెస్లాలో ఆ ఈసీజీతో గుండె లయను పట్టుకోవడం కష్టమవుతుంది, ధ్వనిని బట్టి లయను గుర్తించే పద్ధతులు అందుకే వచ్చాయి.

మీరు జీవశాస్త్రం చదువుతున్నారు కాబట్టి పిక్క కండరం మీద జరిగిన ఫాస్ఫరస్ అధ్యయనాలతో మొదలుపెట్టమని సూచిస్తాను. వ్యాయామంలో తరిగిన ఫాస్ఫోక్రియేటిన్, వ్యాయామం ఆపాక ఎంత వేగంగా పూర్వస్థితికి వస్తుందో చూసి ఆ కండరంలోని మైటోకాండ్రియా సామర్థ్యాన్ని అంచనా వేస్తారు. 7 టెస్లా వద్ద ఆ కొలతలను కొద్ది సెకన్లకొకటి చొప్పున, పిక్కలోని ఒక్కొక్క కండరానికీ విడిగా తీసుకోవచ్చు.