ముందు అద్దం ఎంత తుడిచినా రాత్రి మసకగానే ఉంటోంది, ఇంట్లో వాటితో పోతుందా?

పరకాల_రోడ్:
అందరికీ నమస్తే. మాది హనుమకొండ, డ్యూటీ భూపాలపల్లిలో, రోజూ కారులో పోయి వస్తాను. పగలు అద్దం బాగానే ఉంటుంది. చీకటి పడ్డాక ఎదురుగా బొగ్గు లారీ లైట్ పడిందంటే మాత్రం అద్దమంతా పాలు పోసినట్టు తెల్లబడి రోడ్డు అంచు కూడా కనిపించదు. మొన్న రేగొండ దాటాక రోడ్డు మీద నిలబడ్డ బర్రె బాగా దగ్గరికి వచ్చేదాకా కనిపించలేదు, గట్టిగా బ్రేక్ కొట్టాను. ఆ రోజు మా పాప కూడా బండిలో ఉంది. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇంట్లో బోరు నీళ్లతోనే కడుగుతాను, షాంపూ వేశాను, పేపరుతో తుడిచాను, ఎవరో చెబితే కిరోసిన్ గుడ్డ కూడా పెట్టాను, దాంతో ఇంకా ఎక్కువైంది. అద్దం మార్చాల్సిందేనా?

కాజీపేట_టాక్సీ:
తమ్మీ, అద్దం మార్చకు. కిరోసిన్ మళ్లీ ముట్టకు, అది జిడ్డు వదిలిపోతుంది. ముందు మురికి ఏ పక్క ఉందో చూడు. కారులో కూర్చుని లోపలి అద్దం మీద వేలితో ఒక గీత గీయి. గీత పడిందంటే సగం సమస్య లోపలే ఉంది. ఎండలో బండి పెడితే డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ కాగి, అందులోంచి వచ్చే ఆవిరి అద్దానికి సన్నటి పొరలా పడుతుంది. మన దగ్గర మే నెల ఎండలు నీకు తెలిసినవే. డ్యాష్‌బోర్డుకు మెరుపు పాలిష్ కొడితే ఇంకా తొందరగా పడుతుంది.
అర లీటరు గోరువెచ్చటి నీళ్లలో గిన్నెల లిక్విడ్ రెండే చుక్కలు వెయ్యి, ఎక్కువైతే ఆ సబ్బే మళ్లీ మరక. పాత ధోవతి గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడువు, తర్వాత వేరే గుడ్డతో ఉత్త నీళ్లు, చివర పొడి గుడ్డ. కింద మూలకు చెయ్యి పోదు, అరచేయి పైకి తిప్పి వేళ్ల వెనక పక్కతో గుడ్డను నెట్టాలి. లోపల నిలువుగా, బయట అడ్డంగా తుడిస్తే ఇంకా చారలు మిగిలినా ఏ పక్కవో తెలిసిపోతుంది.

నర్సంపేట_అక్క:
అన్న చెప్పింది లోపలికి. బయట తెల్ల చుక్కలు బోరు నీళ్ల ఉప్పు, అవి సబ్బుకు పోవు. కిరాణా షాపులో దొరికే తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి, గుడ్డ తడిపి చుక్కల మీద ఐదు నిమిషాలు ఉంచండి, మెత్తబడతాయి. నీడలోనే చేయండి, పెయింటు మీద పడితే వెంటనే కడిగేయండి. ఇంకో మాట, ఆర్వో ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్లు వృథా ఎందుకని చాలామంది వాటితో కారు కడుగుతారు, మేమూ అలాగే చేశాం, వాటిలో బోరు నీళ్ల కన్నా ఉప్పు ఎక్కువ. ఏసీ పైపు కింద బకెట్ పెట్టండి, ఆ నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు. చివర్లో ఒక్క మగ్గు పోసి తుడిస్తే చాలు.

గోదావరిఖని_బండి:
బొగ్గు రోడ్డు మీద తిరిగే బండికి నేను చెప్పేది ఒక్కటే, పొడి దుమ్ము మీద వైపర్ తిప్పొద్దు. ఆ ఇసుకా బొగ్గు పొడీ అద్దాన్ని గీరేస్తాయి, గీత పడ్డాక వెనిగర్ పోసినా లాభం లేదు. ముందు నీళ్లు కొట్టి ఆ తర్వాతే వైపర్. వైపర్ రబ్బరును తడి గుడ్డతో రెండు వేళ్ల మధ్య పట్టి లాగి చూడండి, నల్లగా వచ్చినంతసేపూ లాగుతూనే ఉండండి. టూత్‌పేస్ట్ రుద్దమని ఎవరైనా చెబుతారు, నమ్మకండి, అందులోనూ రాపిడి పొడి ఉంటుంది. పేపరుతో తుడిస్తే తప్పేం లేదు కానీ సిరా పక్క రబ్బరుకు అంటుతుంది, నాకైతే ధోవతి గుడ్డే నయం.

పరకాల_రోడ్:
ఆదివారం కూర్చుని అంతా చేశాను. లోపల వేలితో గీస్తే గీత స్పష్టంగా పడింది, మొదటి గుడ్డ పసుపుగా వచ్చింది, మూడుసార్లు పిండాల్సి వచ్చింది. చుక్కలు చాలావరకు పోయాయి. నిన్న రాత్రి గూడెప్పాడ్ దాటాక ఎదురుగా లారీ వచ్చినా రోడ్డు అంచు తెల్ల గీత కనిపించింది అన్నా. డ్రైవర్ పక్క వైపర్ తిరిగే చోట మాత్రం వంపుగా ఒక గీర మిగిలింది, అది గోదావరిఖని అన్న చెప్పినదే. కొత్త వైపర్లు వేయించాను, ఏసీ కింద బకెట్ కూడా పెట్టాను.