మొదటి గేమింగ్ పీసీ: 5600జి కొని ఆగాలా, సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు తీసుకోవాలా?

కాకినాడ_కుర్రోడు
అన్నలూ, మొదటిసారి సొంతంగా పీసీ బిగించుకుంటున్నా. నాన్న 50 వేలు ఇస్తానన్నారు. 1080పి మానిటర్ పాతది ఉంది. రెండు లిస్టులు రాసుకున్నా. ఒకటి: లోపలే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ రైజెన్ 5 5600జి, 16 జీబీ ర్యామ్, ఇప్పటికి కార్డు లేకుండా, కార్డు వచ్చే ఏడాది. రెండోది: రైజెన్ 5 5600, సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ కార్డు. వాలరెంట్, జీటీఏ 5 ఆడతా, తర్వాత పెద్దవి కూడా ఆడాలనుంది. ఏది తీసుకోమంటారు?

సోల్డర్_మాస్టారు
రెండు లిస్టుల్లోనూ ఎస్‌ఎంపీఎస్, అదే పీసీకి కరెంటిచ్చే డబ్బా, ఏదీ తమ్ముడూ?

కాకినాడ_కుర్రోడు
క్యాబినెట్‌తో పాటే వస్తుందన్నారన్నా, 450 వాట్లు.

ఫ్రేమ్స్_ఫస్ట్
రెండో లిస్టే తమ్మీ, ఆలోచించకు. 5600జిలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి స్పీడు మెమొరీ) 16 ఎంబీ, 5600లో 32. పైగా జి చిప్ పీసీఐఈ (కార్డుకు డేటా పోయే దారి) 3.0 కాడనే ఆగిపోతది. రేపు కార్డు పెట్టినా ఆ లోటు ఉంటనే ఉంటది. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమొరీ ఉండదు, నీ 16 జీబీలకెళ్లే తీసుకుంటది. వాలరెంట్ మంచిగనే నడుస్తది గానీ పెద్ద గేములకు సెట్టింగులన్నీ కిందికి దించాలె. ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ 2022 సెప్టెంబర్‌ల మైనింగ్ (కార్డులతోని కాయిన్లు సంపాదించుడు) బంద్ చేసిన కాన్నుంచి సెకండ్ హ్యాండ్‌ల 3060లు బాగనే దొరుకుతున్నయ్.

సోల్డర్_మాస్టారు
మైనింగ్‌లో రాత్రీ పగలూ తిరిగిన కార్డు కొనమంటున్నారా? సరే, దాని సంగతి తర్వాత. తమ్ముడూ, ఆ ఎస్‌ఎంపీఎస్ మీది స్టిక్కర్ చదువు. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించు, ఆ లైను ఇవ్వగల వాట్లు వస్తాయి. 3060 ఒక్కటే 170 వాట్లు లాగుతుంది, ప్రాసెసర్‌కీ ఆ 12 వోల్టుల లైనే దిక్కు. 80 ప్లస్ అని ఉంటే చాలనుకోకు. కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో అది చెబుతుంది, షార్ట్ అయితే ఆగుతుందో లేదో చెప్పదు. ఎస్‌ఎంపీఎస్‌తో పాటు కాలిన బోర్డులు నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి.

డెల్టా_గేమర్
ఆ ప్రాసెసర్లు కూర్చునే ఏఎం4 సాకెట్ పని అయిపోయింది బ్రో. ఏఎం5కి వెళ్లు.

నిజాంపేట్
ఏఎం5 బోర్డుకి డీడీఆర్5 ర్యామ్ తప్ప ఎక్కదు. బోర్డుకీ ర్యామ్‌కే పోస్తే ఇక కార్డు ఎక్కడిది?

ఫ్రేమ్స్_ఫస్ట్
మాస్టారూ, ఏ త్రెడ్ చూసినా మీది ఎస్‌ఎంపీఎస్ ముచ్చటనే. పిలగాడు అడిగింది 5600జినా, 3060నా అని. కొత్తదైతే వారంటీ ఉంటదంటరు. నా కొత్త కార్డు వారంటీలనే పోయింది. సర్వీస్ సెంటర్ చుట్టూ తిప్పి తిప్పి, తుప్పు పట్టిందని రాసి వాపస్ ఇచ్చిండ్రు. బిల్లు ఉండి ఏం ఫాయిదా?

సోల్డర్_మాస్టారు
మీకు జరిగింది అన్యాయమే. అంతమాత్రాన ఇతను మైనింగ్ కార్డు కొనాలా?

ఫ్రేమ్స్_ఫస్ట్
రిపేరు చేసేటోళ్లకు పోయినవే కనబడతయ్. మంచిగ నడిచేటివి మీ బల్ల దాకా రానే రావు. ఊకే భయపెట్టకుండ్రి.

సోల్డర్_మాస్టారు
భయపెడుతున్నానా? మీకు జీతం వస్తుంది, కార్డు పోతే తిట్టుకుని ఇంకోటి తెచ్చుకుంటారు. అతనిది వాళ్ల నాన్న డబ్బు. నెలకే స్క్రీన్ నల్లబడితే ఇంట్లో "కార్డు పోయింది" అనరు, "ఆటలకు తగలేశాడు" అంటారు. నేను చదువుకునే రోజుల్లో క్యాబినెట్‌తో వచ్చిన ఎస్‌ఎంపీఎస్ పేలి బోర్డూ హార్డ్‌డిస్కూ పోయాయి. మళ్లీ మా ఇంట్లో కంప్యూటర్ మాట ఎత్తనివ్వలేదు. డిగ్రీ అయ్యేదాకా నెట్ సెంటరే గతి. మొదటి పీసీలో గేములు నెమ్మదిగా ఆడినా ఫరవాలేదు, అది ఆగిపోకూడదు.

ఫ్రేమ్స్_ఫస్ట్
నేననేది కూడా అదే కదా. పైసలు ఒక్కసారే వస్తయ్. నేను కూడా కార్డు తర్వాత కొందామనే మొదలువెట్టిన. అక్క పెండ్లి వచ్చింది, ఎనుక నాన్న ఆపరేషన్. నౌకరీ దొరికి కార్డు కొనేటాళ్లకు కలిసి ఆడే దోస్తులు తలో ఊరు పోయిండ్రు. "వచ్చే ఏడాది కొను" అని చెప్పుడు అల్కగుంటది. కార్డు ఈ 50 వేలల్లనే రావాలె.

సోల్డర్_మాస్టారు
అలాగైతే కొత్త ఆర్‌ఎక్స్ 6600 కార్డు చూడనివ్వండి. 132 వాట్లే, 1080పికి సరిపోతుంది.

ఫ్రేమ్స్_ఫస్ట్
దాంట్ల ఉండే 8 జీబీ మెమొరీ ఇప్పుడే కొన్ని గేములకు సరిపోతలేదు. 12 ఉన్నది ఇడిచిపెట్టి 8కి ఎందుకు పోవాలె?

కాకినాడ_కుర్రోడు
నాన్నకి ఇదంతా చదివి వినిపించానన్నా. పాత కార్డు అమ్మేవాడు మన ఎదురుగా నడిపి చూపిస్తాడా అని అడిగారు. క్యాబినెట్ చవకది తీసుకుని, ఎస్‌ఎంపీఎస్ మాత్రం విడిగా 550 వాట్లది మంచిది కొంటున్నా. 5600 ఖాయం. కార్డు దగ్గరే ఇంకా తేలలేదు.

ఫ్రేమ్స్_ఫస్ట్
చూపిస్తడు. అరగంట పెద్ద గేమ్ నడిపించు. ఫ్యాన్ల సప్పుడు విను, వేడి ఎంతుందో చూడు, తెర మీద గీతలు వస్తున్నయా చూడు. చూపియ్యనంటే లేచి వచ్చెయ్.

సోల్డర్_మాస్టారు
మెమొరీ చిప్‌లో లోపం ఉంటే అరగంటలో బయటపడాలని లేదు. అసలు బిల్లు చేతికివ్వమని అడుగు, వారంటీ ఎంత మిగిలిందో చూడు. బిల్లు లేదంటే మీ నాన్నని తీసుకుని వచ్చేయ్.