ఆఫ్రికా ఎలుకల్లో ఒక్కటే పిల్లల్ని కంటుందంటే, మిగతా ఆడవి ఊరుకుంటాయా?

ప్రశ్న (కోవూరు రైతు)

మాది వరి పొలం. కోతలయ్యాక యానాది వాళ్లు గట్లు తవ్వి పందికొక్కుల్ని పడుతుంటే దగ్గరుండి చూస్తాను. కలుగులో పెద్దది ఒకటే ఉంటుంది, లేకపోతే తల్లీ పిల్లలూ. లోపలి గూట్లో కొరికి తెచ్చుకున్న వరి కంకులు. మొన్న మా పాప బొచ్చు లేని ఆఫ్రికా ఎలుక బొమ్మ చూపించి, "దీనికి తేనెటీగల్లాగా రాణి ఉంటుంది నాన్నా" అంది. నిజమేనా? మిగతా ఆడవి ఎందుకు ఊరుకుంటాయి?

జవాబు (ఉదయగిరి, జువాలజీ లెక్చరర్)

పాప చెప్పింది నిజమే అన్నా. నాకు చాలా ఇష్టమైన పాఠం ఇది. పేరు నేకెడ్ మోల్ ర్యాట్. ఇథియోపియా, కెన్యా, సోమాలియాల్లో ఉంటుంది. దీని రాణి సంగతి 1981లో జెన్నిఫర్ జార్విస్ అనే శాస్త్రవేత్త బయటపెట్టారు. మందలో సగటున 70, 80 ఉంటాయి, ఒక్కోచోట 300 దాకా. కనేది మాత్రం ఒక్కటే. అది సొరంగాల్లో తిరుగుతూ మిగతావాటిని ముక్కుతో నెడుతూ ఉంటుంది. అది ఉన్నన్నాళ్లూ మిగతా ఆడవాటికి అండాలే విడుదల కావు. రాణి చచ్చిపోయిందా, కొన్ని ఆడవి ఎదకొచ్చి ప్రాణాలు పోయేదాకా కొట్టుకుంటాయి. గెలిచినదానికి కాన్పులు అయ్యేకొద్దీ వెన్నుపూసలు సాగి ఒళ్లు పొడుగవుతుంది.

అసలు కారణం నేల. మన మెట్టలాగే వానపడితే తప్ప గునపం దిగదు. తిండేమో ఎక్కడో ఒకచోట ఉండే దుంపలు. ఒంటరిగా తవ్వితే దొరికేలోపు ఆకలికి చావాల్సిందే. అందుకే వాన పడగానే అన్నీ వరస కడతాయి. ముందున్నది పళ్లతో తవ్వుతుంది. పెదవులు పళ్ల వెనక మూసుకుంటాయి గనక మన్ను నోట్లోకి పోదు. వెనకున్నవి మట్టిని కాళ్లతో నెట్టుకుపోతే, చివరిది బయటికి ఎగజిమ్ముతుంది. పెద్ద దుంప దొరికితే లోపలి గుజ్జు తిని పైపొర వదిలేస్తాయి, అది మళ్లీ ఊరుతుంది.

జవాబు (కావలి, బీఎస్సీ విద్యార్థిని)

ల్యాబ్‌లో ఇవి 30 ఏళ్లు దాటి బతికాయి సార్! చిట్టెలుకైతే మూడు, నాలుగేళ్లే. ఆక్సిజన్ బొత్తిగా లేకుండా 18 నిమిషాలు తట్టుకున్నాయని 2017లో తేల్చారు. అప్పుడు శక్తి కోసం ఫ్రక్టోజ్‌ను, అంటే పళ్లలో ఉండే చక్కెరను వాడుకుంటాయట.

కోవూరు రైతు

చాలా థ్యాంక్స్. పాపకి చదివి వినిపించాను. పుట్టినవన్నీ అక్కడే ఉండిపోతాయా అని అడుగుతోంది.

ఉదయగిరి లెక్చరర్

దాదాపు అన్నీ అంతే అన్నా. ఎప్పుడో ఒకటి మాత్రం పనికి వంగకుండా, తిని కొవ్వు పట్టి, సొంత మందలో జతకట్టకుండా బయటికి పోవాలని చూస్తుంది. వేరే మంద దానితో కలిస్తే కొత్త బొరియ మొదలవుతుంది.