అప్‌డేట్: దిగేటప్పుడు ఆర్‌పీఎం పడిపోవడం, కార్బ్ హీట్ పనిచేయకపోవడం - కారణం దొరికింది

పోయిన నెల అడిగాను కదా, మా రెండు సీట్ల ట్రైనర్ విమానంలో పవర్ తగ్గించి దిగుతుంటే ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) మెల్లగా పడిపోతోంది, కార్బ్ హీట్ (కార్బురేటర్‌లో ఐస్ కరగడానికి వేడి గాలి పంపే నాబ్) లాగినా లాభం లేదు అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"రన్-అప్‌లో (టేకాఫ్ ముందు నేల మీద చేసే ఇంజిన్ చెక్) హీట్ లాగి ఆర్‌పీఎం ఎంత పడుతుందో చూడండి" అన్న సలహానే పట్టించింది. 1700 దగ్గర లాగితే 20 కూడా పడలేదు, మా దాంట్లో 75 అయినా పడాలట. మెకానిక్ కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) విప్పితే కేబుల్ క్లాంప్ దగ్గర జారిపోయి ఉంది, నాబ్ పూర్తిగా బయటికొస్తున్నా ఎయిర్‌బాక్స్‌లో వేడి గాలి వదిలే ఫ్లాప్ సగమే తెరుచుకుంటోంది. పది నిమిషాల పని, నేను నెల రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నా.

ప్లగ్‌లు మార్చడం దండగ, ఫ్యూయెల్‌లో నీళ్లూ లేవు. 18 డిగ్రీల్లో కార్బురేటర్‌లో ఐసేంటి అని నేనే వాదించాను, కానీ పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు, వెంచూరిలో (కార్బురేటర్‌లోని ఇరుకు భాగం) ప్రెజర్ తగ్గేటప్పుడు లోపల టెంపరేచర్ 20 డిగ్రీల పైనే పడిపోవచ్చట, గాల్లో తేమ ఉంటే చాలు.

నిన్న మబ్బుగా ఉన్నప్పుడు థ్రాటిల్ తగ్గించకముందే హీట్ ఫుల్‌గా లాగాను, ముందు ఆర్‌పీఎం ఇంకా పడి ఇంజిన్ దగ్గినట్టు గరగరలాడింది, భయమేసి నాబ్ వెనక్కి తోసేయబోయా (అదే తప్పు, కరిగిన నీళ్లు లోపలికెళ్తున్నాయంతే), కొన్ని సెకన్లాగితే తనే పైకొచ్చి నున్నగా తిరిగింది.