ప్రకృతి గుడి కాదు, మరేంటి?

పలకాబలపం: రెండ్రోజులుగా ఒక వాక్యం బుర్ర తినేస్తోంది. రష్యన్ రచయిత తుర్గేనెవ్ నవల ‘తండ్రులూ కొడుకులూ’లో కుర్ర నాయకుడు బజారోవ్ అంటాడే, “ప్రకృతి గుడి కాదు, ఫలానా. మనిషి అందులో పనివాడు.” ఆ ఫలానా దగ్గరే ఆగిపోయాను. కాలేజీలో మా మాస్టారు ‘కర్మాగారం’ అన్నట్టు గుర్తు. ఇప్పుడు అనుకుంటే నోట్లో రాయిలా తగులుతోంది.

పాత చందాదారు: ముందుగా, పుస్తకం పేరులో ఉన్నది కొడుకులు కాదు, పిల్లలు. సరే, అది వేరే గొడవ. కర్మాగారం అంటే సైరను, పొగగొట్టం, షిఫ్టు డ్యూటీ. కథేమో 1859లో, మార్యినో అనే జమీందారు పల్లెలో. రష్యన్‌లో ‘మాస్తెర్‌స్కయా’. చేతిపని చేసుకునే చోటు, అంతే. ‘పనిశాల’ చాలు.

కొలిమి: పనిశాల అని ఏ ఊళ్ళో అంటారు సార్? పాఠశాల, గోశాల విన్నాం గానీ! ‘కార్ఖానా’ పెట్టండి. గుడి అన్న వెంటనే కార్ఖానా అంటే చెవికి ఠంగున తగలాలి. బజారోవ్‌కి కావలసిందీ అదే.

నల్లకుంట: మాకు కార్ఖానా అంటే సికింద్రాబాద్‌లో బస్టాపు.

నిఘంటువు పురుగు: ‘మాస్తెర్’ ఎవరో కాదు, మన మేస్త్రీకి దూరపు చుట్టం. మేస్త్రీ పోర్చుగీసు నుంచి మనకొచ్చింది. వెనక్కి లాగితే రెండూ లాటిన్ ‘మగిస్తెర్’ దగ్గరే తేలతాయి. కాబట్టి “ప్రకృతి గుడి కాదు, మేస్త్రీ కొట్టు”. ఎలా ఉంది?

కొలిమి: దర్జీ మేస్త్రీనా, తాపీ మేస్త్రీనా?

పాత చందాదారు: చుట్టరికం ఉన్నంత మాత్రాన అర్థం కలవదు పురుగు గారూ. అసలు చిక్కు రెండో సగంలో ఉంది, ‘రబోత్నిక్’ దగ్గర. దాన్ని ‘శ్రామికుడు’ అన్నారంటే వాక్యం చేతికి ఎర్రజెండా ఇచ్చినట్టే. పుస్తకం 1862ది. అర్ధబానిస రైతుల విముక్తి చట్టం వచ్చి అప్పటికి ఏడాది. బజారోవ్ దిగిన ఇంటి యజమాని నికొలాయ్ పెత్రోవిచ్ కూలికి మనుషుల్ని పెట్టుకుని, వాళ్ళతో వేగలేక సతమతమవుతుంటాడు. ‘పనివాడు’ అనేది ఆ రోజుల్లో మామూలు మాటా, కొత్త మాటా అన్నది చూసుకోవాలి.

పలకాబలపం: పనివాడు నాకు ఓకే సార్. పోయింది ముందు మాట.

నల్లకుంట: మంచి కెమిస్టు ఒకడు ఏ కవికన్నా ఇరవై రెట్లు పనికొస్తాడన్నవాడి మాటకి ఇంత శ్రద్ధా? పోతన ఎప్పుడో జవాబు చెప్పేశాడు. పనివాడు కావడం కవికి చిన్నతనమేం కాదు:
“బాలరసాలసాల నవపల్లవ కోమల కావ్యకన్యకన్
కూళలకిచ్చి యప్పడుపు కూడు భుజించుటకంటె సత్కవుల్
హాలికులైన నేమి…”

నిఘంటువు పురుగు: ‘గూళల’ అండీ. ‘కన్యకన్’లో ద్రుతం కనబడలేదా? దాని మీద పరుషం సరళమవుతుంది.

నల్లకుంట: చదివేవాళ్ళకి తెలియాలని విడదీసి రాశాను.

నిఘంటువు పురుగు: విడదీస్తే ‘యప్పడుపు’ని కూడా విడదీయాలిగా!

పాత చందాదారు: అది చాటువు, జనం నోట తిరిగే విడి పద్యం. పోతనదే అని ఒట్టేసి చెప్పగలరా?

నల్లకుంట: నాగలి పట్టినవాడి నోట తప్ప ‘హాలికులైన నేమి’ అంత ధీమాగా రాదు. అదే నా సాక్ష్యం.

కొలిమి: అందరూ ఒకటి వదిలేశారు. అదే అధ్యాయంలో బజారోవ్ ఆ మాట అనీ అనగానే ఇంట్లోంచి సెల్లో అనే తీగవాద్యం వినబడుతుంది. నికొలాయ్ పెత్రోవిచ్ షూబర్ట్ సంగీతం వాయిస్తున్నాడు. నలభై నాలుగేళ్ళ మనిషి, ఇంటి యజమాని, ఈ పల్లెలో సెల్లో వాయించడమా అని బజారోవ్ పగలబడి నవ్వుతాడు. బజారోవ్‌ని గురువుగా కొలిచే అతని మిత్రుడు అర్కాదీ మాత్రం ఈసారి పెదవి కూడా కదపడు, వాయించేది వాళ్ళ నాన్న మరి. గుడి కాదన్న చోటే పాట మొదలైంది. అందుకే అక్కడ గరుకు మాటే పడాలి. కార్ఖానా!

పాత చందాదారు: ఆ సీను నాకూ ఇష్టమే. కానీ గరుకు ‘కాదు’లో ఉంది కొలిమి గారూ, తర్వాతి మాటలో కాదు.

పలకాబలపం: మా మాస్టారు ‘కర్మశాల’ అన్నారేమో అని ఇప్పుడు కొత్త అనుమానం.

నిఘంటువు పురుగు: అది తర్వాత. ఆ పద్యం మొదటి పాదంలో ప్రాస, అంటే రెండో అక్షరం, ‘ల’; రెండోదాంట్లో ‘ళ’. దీని మీద ఎవరూ మాట్లాడరేం?