యుద్ధానికి దిగే హక్కు ఎవరిది: ప్రెసిడెంట్‌దా, కాంగ్రెస్‌దా?

గోదారి_గట్టు:
అమెరికా రాజ్యాంగం ప్రకారం యుద్ధం ప్రకటించాల్సింది కాంగ్రెస్, అంటే ప్రతినిధుల సభ, సెనేట్ కలిసిన అక్కడి పార్లమెంటు. అది చివరిసారి ప్రకటించింది 1942 జూన్‌లో, బల్గేరియా, హంగరీ, రొమేనియాల మీద. మరి కొరియా, వియత్నాం, లిబియా? ప్రెసిడెంట్లు ఆ అధికారాన్ని లాగేసుకున్నారనే నేనంటాను.

బెజవాడ_బుల్లోడు:
క్షిపణి మీదికొస్తుంటే కాంగ్రెస్‌లోని 535 మందిని కూర్చోబెట్టి ఓట్లు లెక్కపెడతారా అండీ?

గోదారి_గట్టు:
మీదికొస్తే కొట్టొద్దని ఎవరన్నారు? కంబోడియా ఎవరి మీదికొచ్చిందని అప్పటి ప్రెసిడెంట్ నిక్సన్ రహస్యంగా బాంబులేయించాడు? అందుకే 1973లో ఆయన వీటోను తోసిపుచ్చి మరీ వార్ పవర్స్ చట్టం తెచ్చారు. సైన్యాన్ని దింపితే 48 గంటల్లో చెప్పాలి. కాంగ్రెస్ ఒప్పుకోకపోతే 60 రోజుల్లో ఆపాలి, వెనక్కి తెచ్చుకోడానికి ఇంకో 30.

చల్ల_పెరుగు:
గట్టు గారూ, ప్రెసిడెంట్లు లాక్కోలేదు, కాంగ్రెస్ వాళ్ళే వదిలించుకున్నారు. 1999 ఏప్రిల్ 28 సంగతి చూడండి. కొసావో గొడవలో యుగోస్లావియా మీద అమెరికా, దాని మిత్రదేశాల బాంబులు పడటం మొదలై నెల దాటింది. ఆ ఒక్కరోజే ప్రతినిధుల సభలో వరసగా ఓటింగులు. యుద్ధం ప్రకటిద్దామా? ఇద్దరు సరేనన్నారు, 427 మంది వద్దన్నారు. పోనీ, సైన్యాన్ని వెనక్కి రప్పిద్దామా? అదీ వద్దన్నారు 290 మంది. పోనీ, బాంబు దాడులను సమర్థిద్దామా? 213-213! టై అయ్యి తీర్మానం వీగిపోయింది. మే నెల రాగానే అదే యుద్ధానికి డబ్బు మంజూరు చేశారు. గెలిస్తే డబ్బిచ్చింది మేమే, బెడిసికొడితే మేం ఓటే వెయ్యలేదు. దాడులు 78 రోజులు సాగాయి, 60 రోజుల గడువు గాలికి పోయింది. కొందరు సభ్యులు కోర్టుకెక్కితే, ఈ కేసు వేసే అర్హత మీకు లేదు పొమ్మంది.

బెజవాడ_బుల్లోడు:
నా వాదనకే దెబ్బ గానీ, 2011 లిబియా నాకూ మింగుడుపడదు. 60 రోజులు దాటాక ఒబామా ప్రభుత్వం ఏమందంటే, మన సైనికులు నేల మీద లేరు కాబట్టి చట్టం చెప్పే పోరాటం కిందికి ఇది రాదట. పైనుంచి పడే బాంబు మరేంటో!

గోదారి_గట్టు:
పెరుగు గారూ, మరి 2019 యెమెన్? అక్కడ యుద్ధం చేస్తున్న సౌదీ కూటమికి అమెరికా సాయం ఆపమని రెండు సభలూ తీర్మానం చేస్తే ట్రంప్ వీటో కొట్టారు. దాన్ని తోసిపుచ్చాలంటే మూడింట రెండొంతులు కావాలి. సెనేట్‌లో తోసిపుచ్చుదామన్నవాళ్ళు 53 మంది, వద్దన్నవాళ్ళు 45 మంది. మెజారిటీ ఉండి కూడా ఆపలేకపోతే వదిలించుకోవడమా అది?

చల్ల_పెరుగు:
ఆ 45 మంది ఏ సభలో కూర్చున్నారండీ?